వేలిముద్ర పడని వేళ

తెలుగు సాహిత్యంలో ఒక ముసలాయనా ఒక చిన్నపిల్లా జంటగా కనిపిస్తే, పాఠకుడి తలపు ముందుగా 1892లో తొలిసారి ప్రదర్శితమైన ‘కన్యాశుల్కం’లోని లుబ్ధావధానుల పెళ్లి బేరం మీదికే పోతుంది. ఆ రెండు వయసుల మధ్య బేరానికీ బంధుత్వానికీ ఉన్నంత చోటు స్నేహానికి మన కథల్లో లేదు. కోనసీమ తీర మండలమైన ఉప్పలగుప్తం వంటి పల్లెసీమల్లో ఆ చోటును, బహుశా తనకు తెలియకుండానే, వృద్ధాప్య పింఛను కల్పించింది.

2019 ఆగస్టు 15న మొదలైన వాలంటీరు వ్యవస్థలో, అంటే ఊళ్లో సుమారు 50 ఇళ్లకు ఒకరు చొప్పున స్థానికులను నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో నియమించిన ఏర్పాటులో, చదువు ముగించి ఊరి పట్టునే ఉన్న అమ్మాయిలు ఎందరో చేరారు. 2020 ఫిబ్రవరి 1 నుంచి 2,250 రూపాయల పింఛను వారి చేతుల మీదుగా గడప దగ్గరకే రావడం మొదలయ్యాక, లబ్ధిదారుడి వేలిముద్రను ఆధార్ వివరాలతో సరిచూసుకున్న తర్వాతే సొమ్ము చేతిలో పెట్టే పద్ధతి నడిచింది. కోనసీమ కాయకష్టం యంత్రానికి అడ్డుపడింది ఇక్కడే. నేలలో పాతిన ఇనుప మొనకు కొబ్బరికాయను గుచ్చి డొక్కను, అంటే పైనున్న పీచుపొరను, ఊడదీసే ఒలుపు పనిలో ఏళ్లు గడిపిన చేతికి వేలిగీతలు అరిగిపోతాయి. ఎస్.యానాం వైపు వలతాళ్లు లాగిన చేతులదీ అదే సంగతి.

వేలు పెట్టడం, యంత్రం కాదనడం, తువ్వాలుతో తుడిచి మళ్లీ పెట్టడం, బొటనవేలు కాకపోతే చూపుడువేలు, అదీ కాకపోతే కనుపాప: పాలనా పరిభాషలో ఇది సాంకేతిక వైఫల్యమే. అయితే అరుగు మీద ఇద్దరూ కదలకుండా కూర్చోవలసి వచ్చిన ఆ కాసేపే లేకపోతే సంతకంతో, సొమ్ముతో పని ముగిసిపోయేది. అరిగిన వేలికి సంజాయిషీగా మొదలైన మాట ఒలిచిన కాయల లెక్కకూ, అక్కడి నుంచి 1996 నవంబరు 6 నాటి తుపానుకు కూలిన తోటలకూ సాగడానికి ఎంతోసేపు పట్టదు. ఇక కూతురు కువైట్‌లో ఖద్దామాగా, అంటే ఇంటిపని మనిషిగా, ఉన్న ఇంట్లోనైతే ‘ఇమో’ యాప్‌లో కాల్ కలిపిపెట్టే బాధ్యత కూడా ఆ అమ్మాయిదే అవుతుంది. పింఛను నెలకొకసారే వస్తుంది గాని ఫోనుకు తేదీ ఉండదు.

ఈ చెలిమికి తెలుగులో పేరు లేదు కనుక గోదావరి పల్లె తన పాత ఉపాయాన్నే వాడుకుంటుంది. కులమూ పేటా వేరైనా వరస కలిపేస్తుంది. ఆయన తాతగారు అవుతాడు, ఆమె మనవరాలు అవుతుంది. ఈ వరస ఎంపికలో లౌక్యం లేకపోలేదు. సామాజిక మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో ప్రచురించిన వ్యాసంలో పరిహాస సంబంధాన్ని, అంటే ఒకరినొకరు ఆటపట్టించినా తప్పుపట్టకూడదని సమాజమే ఒప్పుకున్న బంధాన్ని, చర్చిస్తూ తాతలకూ మనవలకూ మధ్య అది అనేక సమాజాల్లో కనిపిస్తుందని చూపాడు. తండ్రి వరసకు భయభక్తులు అడ్డొస్తాయి, అన్న వరసకు కాపలా బాధ్యత తగులుకుంటుంది. తాత వరసలోనైతే పెళ్లెప్పుడని ఆయన ఏడిపించవచ్చు, బీడీ మానలేదేమని ఆమె గదమాయించవచ్చు, చూసేవారూ నవ్వి ఊరుకుంటారు.

2024 మార్చి 30న ఎన్నికల సంఘం వాలంటీర్లను నగదు పంపిణీకి దూరంగా ఉంచింది. ఎన్నికల తర్వాత, జులై 1న, 4,000కు పెరిగిన పింఛను మూడు నెలల బకాయితో కలిసి 7,000 రూపాయలై గ్రామ సచివాలయ ఉద్యోగుల చేతుల మీదుగా గడపకు చేరింది. వాలంటీరు వ్యవస్థ మంచిచెడ్డల మీద రాజకీయ వాదం ఇంకా తెగలేదు, అది వేరే కథనం. సొమ్ము తెచ్చే చేయి మారినా వేలిగీతలు మళ్లీ మొలవవు, కువైట్‌లో పని ముగిసే వేళా మారదు. పింఛను సంచీ లేకుండా ఆ గడప ఎక్కవలసి వచ్చినప్పుడు మాత్రం అమ్మాయికి చెప్పుకోవడానికి ఇక పని పేరు ఉండదు, వరస ఒక్కటే ఉంటుంది.