క్రీమీ పనీర్ కూర ఇంట్లో ఎందుకు విరిగిపోతుంది? బగ్ ఎక్కడుందో చూద్దాం

ఈ రోజు ఎపిసోడ్ వంట గురించే, కానీ ఉత్త రెసిపీ వీడియో కాదు. పనీర్ బటర్ మసాలా రెసిపీలు మీ ఫోన్లో వెతికితే వందలు వస్తాయి. అయినా ఇంట్లో చేస్తే గ్రేవీ విరిగిపోయి పైన నీళ్ళు, కింద పలుకులు. లేదంటే పనీర్ రబ్బరు ముక్కలా సాగుద్ది. లేదంటే కారం నషాళానికి ఎక్కుద్ది. ఎందుకు? ఈ ఎందుకు అన్నదే మన టాపిక్.

నేను బీటెక్ చేసి కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కదా, అలవాటు పోదు. ప్రోగ్రామ్ క్రాష్ అయితే మొత్తం మళ్ళీ రాయం. ఏ లైన్‌లో ఆగిందో చూస్తాం. కూర కూడా అంతే. ఒక్కసారి లాజిక్ అర్థమైతే నరసరావుపేటలో మీ వంటింట్లో ఉన్న సామాన్లతోనే చేసేయొచ్చు. హాస్టల్లో, రూమ్‌లో ఉండే వాళ్ళకైతే ఇది ఇంకా ముఖ్యం. పావు కిలో పనీర్ పాడైతే ఆ వారం బడ్జెట్‌కి దెబ్బే.

ముందు, ఈ కూర ఎక్కడిది?

పనీర్ బటర్ మసాలా అనేది బటర్ చికెన్‌కి వెజిటేరియన్ చెల్లెలు లాంటిది. టమాటా, వెన్న, క్రీమ్, అదే గ్రేవీ. ఢిల్లీ రెస్టారెంట్ల నుంచి దేశమంతా పాకింది. బటర్ చికెన్ ఎవరు కనిపెట్టారు అనే గొడవ మీద మోతీ మహల్, దర్యాగంజ్ అనే రెండు రెస్టారెంట్ల వాళ్ళు 2024లో ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళారు. ఒక గ్రేవీ కోసం కోర్టు కేసు! అంత డిమాండ్ ఉంది దానికి.

కానీ క్రీమీ కూర అంటే ఉత్తరాది వాళ్ళదే అనుకోకండి. మన గుత్తి వంకాయ చూడండి. పల్లీలు, నువ్వులు, ఎండు కొబ్బరి వేయించి నూరి పోస్తాం. ఆ గ్రేవీలో క్రీమ్ చుక్క లేదు, అయినా చిక్కగా, నున్నగా ఉంటుంది. పాలు పోసిన సొరకాయ కూర ఉంది. మజ్జిగ పులుసు ఉంది. అంటే మన అమ్మమ్మలకి ఈ టెక్నాలజీ ఎప్పుడో తెలుసు. పేరే వేరు.

క్రీమీ అంటే క్రీమ్ కాదు

నూనె, నీళ్ళు కలవవు. ఇది స్కూల్లోనే చదివాం. కానీ నూనెని చాలా చిన్న చిన్న బొట్లుగా చేసి, అవి మళ్ళీ ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో ఏదైనా అడ్డం పెడితే, ఆ మిశ్రమం చిక్కగా, తెల్లగా, నాలుక మీద జారుతున్నట్టు ఉంటుంది. దీన్నే ఎమల్షన్ అంటారు. పాలు కూడా ఎమల్షనే. వెన్న బొట్లు నీళ్ళలో తేలుతుంటాయి, పాలలోని ప్రోటీన్లు వాటిని విడివిడిగా ఉంచుతాయి.

జీడిపప్పు ఎందుకు వేస్తారో ఇప్పుడు అర్థమవుద్ది. జీడిపప్పులో సగానికి కాస్త తక్కువ కొవ్వు ఉంటుంది, దాంతో పాటు ప్రోటీన్, పిండి పదార్థం ఉంటాయి. అంటే బొట్లూ అందులోనే, అడ్డం పెట్టే సామానూ అందులోనే. నానబెట్టి మెత్తగా రుబ్బితే ఎమల్షన్ రెడీ. గుత్తి వంకాయలో పల్లీలు, నువ్వులు చేసే పని కూడా సరిగ్గా ఇదే.

ఒక టిప్. గ్రేవీకి గుండు జీడిపప్పు అక్కర్లేదు. ఎలాగూ రుబ్బుతాం కాబట్టి ముక్క జీడిపప్పు అడగండి, తక్కువ రేటుకే వస్తుంది. అది కూడా లేకపోతే పుచ్చ గింజల పప్పు వాడండి. పల్లీలు వేస్తే చిక్కదనం వస్తుంది కానీ పల్లీ రుచి మిగతా వాటిని తొక్కేస్తుంది, కూర వేరే కూర అయిపోద్ది.

అసలు బగ్: పాలు విరగడం

పాలలో కేసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. పులుపు పెరిగి పీహెచ్ 4.6 దగ్గరకి వచ్చిందంటే కేసిన్ అంతా ఒకచోట గడ్డకట్టుద్ది. టమాటా పీహెచ్ కూడా దాదాపు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. పైగా వేడి తోడైతే విరగడం ఇంకా తొందరగా జరుగుద్ది. కాబట్టి మరుగుతున్న టమాటా గ్రేవీలో చల్లటి పాలు పోశారంటే ఏమవుద్దో చెప్పక్కర్లేదు.

ఇక్కడే తమాషా. పనీర్ ఎలా చేస్తారు? కాగిన పాలలో నిమ్మరసం పిండి విరగ్గొడతారు. అంటే గిన్నెలో జరిగితే పనీర్, కూరలో జరిగితే కంగారు. అదే కెమిస్ట్రీ. ఒకచోట ఫీచర్, ఇంకోచోట బగ్.

మరి పాలు పోసిన సొరకాయ కూర ఎందుకు విరగదు? అందులో టమాటా లేదు, చింతపండు లేదు. పులుపే లేదు కాబట్టి పాలు హాయిగా ఉంటాయి. మజ్జిగ పులుసు? అది పుల్లటిదే, కానీ అందులో శనగపిండో, నానబెట్టి నూరిన శనగపప్పు, బియ్యం ముద్దో కలుపుతారు. ఆ పిండి ప్రోటీన్ల మధ్య అడ్డం పడి పలుకులు కట్టనివ్వదు. మన వంటల్లో ఫిక్స్ ముందే ఉంది, మనమే చదవలేదు.

క్రీమ్ తొందరగా ఎందుకు విరగదంటే, అందులో కొవ్వు ఎక్కువ, దాంతో పోలిస్తే ప్రోటీన్ తక్కువ. ప్యాకెట్ ఫ్రెష్ క్రీమ్‌లో సుమారు 25 శాతం కొవ్వు ఉంటుంది. టోన్డ్ పాలలో 3 శాతమే. అందుకే క్రీమ్ లేదని దాని బదులు టోన్డ్ పాలు పోయకండి. ఇంట్లో గేదె పాల మీగడ ఉంటే బాగా గిలక్కొట్టి వాడండి, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పుల్లబడిన మీగడ మాత్రం వద్దు.

పనీర్: కొనాలా, చేయాలా?

ఇది కాస్త సీరియస్ విషయం. మార్కెట్లో అనలాగ్ పనీర్ అని ఒకటుంది. పాల కొవ్వు బదులు పామాయిల్ లాంటి నూనెలు కలిపి తయారు చేస్తారు. చూడ్డానికి పనీరే. దాన్ని అనలాగ్ అని చెప్పి అమ్మితే తప్పు లేదు. చెప్పకుండా పనీర్ రేటుకి అంటగడితే అది మోసం. ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్ ప్రకారం పనీర్‌లో తేమ 60 శాతం దాటకూడదు, తేమ తీసేశాక మిగిలిన దాంట్లో కనీసం సగం పాల కొవ్వు ఉండాలి. లో ఫ్యాట్ పనీర్‌కి లెక్క వేరు.

ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. పాలు, సిట్రిక్ యాసిడ్ లాంటివి ఉంటే ఓకే. వెజిటబుల్ ఆయిల్, పామాయిల్, స్టార్చ్ అని కనిపిస్తే అది మీరు అనుకున్న పనీర్ కాదు. విడిగా కొన్నదైతే చిన్న ముక్క నీళ్ళలో ఉడికించి, చల్లారాక రెండు చుక్కల అయోడిన్ వేయండి. నీలంగా మారితే పిండి కలిపినట్టే. ఆ ముక్క తినకుండా పారేయండి. అయితే ఈ టెస్ట్ పిండినే పట్టుకుంటుంది, పామాయిల్‌ని పట్టుకోదు. కాబట్టి నీలం రాలేదని సర్టిఫికెట్ ఇచ్చేయకండి.

పక్కా దారి ఇంట్లో చేసుకోవడమే. పల్నాడులో గేదె పాలకి కొదవ లేదు కదా. లీటర్ చిక్కటి పాలకి సుమారు 200 గ్రాముల పనీర్ వస్తుంది. ప్యాకెట్ అయితే ఫుల్ క్రీమ్ తీసుకోండి, అందులో 6 శాతం కొవ్వు ఉంటుంది. పాలు పొంగాక స్టవ్ ఆపండి. రెండు నిమిషాలు ఆగి, రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసంలో అంతే నీళ్ళు కలిపి కొద్దికొద్దిగా పోస్తూ మెల్లగా కలపండి. నీళ్ళు తేటగా, లేత ఆకుపచ్చగా విడిపోగానే ఆపేయండి. ఎక్కువ పోస్తే గట్టిపడుద్ది. గుడ్డలో వడకట్టి, చల్లటి నీళ్ళతో కడిగి, మూటకట్టి, పైన బరువు పెట్టి అరగంట వదిలేయండి. ఆ మిగిలిన నీళ్ళు పారబోయకండి, చపాతీ పిండి కలపండి.

ఇప్పుడు కూర, నలుగురికి

సామాన్లు: పనీర్ 200 గ్రాములు, టమాటాలు అర కిలో, ఉల్లిపాయ ఒకటి, జీడిపప్పు ముక్కలు 30 గ్రాములు, వెన్న 30 గ్రాములు, నూనె ఒక టీ స్పూన్, అల్లం వెల్లుల్లి పేస్ట్ ఒక టీ స్పూన్, ధనియాల పొడి ఒక టీ స్పూన్, గరం మసాలా అర టీ స్పూన్, రెండు యాలకులు, చెక్క చిన్న ముక్క, కసూరి మేథీ ఒక టీ స్పూన్, క్రీమ్ లేదా మీగడ మూడు టేబుల్ స్పూన్లు, ఉప్పు, చిటికెడు పంచదార. టమాటాలు హైబ్రిడ్ అయితే మంచిది. నాటు టమాటాల్లో పులుపు ఎక్కువ.

ఇక కారం. ఇక్కడ మనోళ్ళకి స్పెషల్ వార్నింగ్. హిందీ వీడియోల్లో రెండు స్పూన్లు కారం వేస్తారు, అది కాశ్మీరీ కారం. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. మన పల్నాడు కారం అలా రెండు స్పూన్లు వేశారంటే తినేటప్పుడు కళ్ళలోంచి కృష్ణా నది! మన కారం అయితే అర టీ స్పూన్ చాలు. రంగు కావాలంటే బ్యాడిగీ కారం ఒక టీ స్పూన్ కలపండి. ఫుడ్ కలర్ మాత్రం వేయకండి.

స్టెప్ 1. జీడిపప్పు వేడి నీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టి, మిక్సీలో వెన్నలా మెత్తగా రుబ్బండి. వేళ్ళ మధ్య రాస్తే పలుకు తగలకూడదు.

స్టెప్ 2. బాణలిలో నూనె, సగం వెన్న వేయండి. వెన్న తొందరగా మాడుద్ది, జాగ్రత్త. యాలకులు, చెక్క, ఉల్లిపాయ ముక్కలు, అల్లం వెల్లుల్లి వేసి, పచ్చి వాసన పోయాక టమాటాలు, ఉప్పు వేసి మూతపెట్టి 10 నిమిషాలు మగ్గనివ్వండి. చల్లారాక చెక్క తీసేసి రుబ్బి, వీలైతే జల్లెడలో వడకట్టండి. వేడిగా ఉన్నప్పుడు మిక్సీ మూత పెట్టి తిప్పితే ఆవిరికి మూత ఎగిరిపడుద్ది, జాగ్రత్త.

స్టెప్ 3. మిగతా వెన్న కరగ్గానే సన్న మంట మీద కారం, ధనియాల పొడి వేసి పది సెకన్లు కలపండి. కారంలోని రంగు, ఘాటు రెండూ కొవ్వులోనే కరుగుతాయి, నీళ్ళలో కరగవు. అందుకే ఈ స్టెప్. వెంటనే టమాటా పేస్ట్ పోసేయండి.

స్టెప్ 4. అమ్మలు చెప్పే మాట ఉందిగా, నూనె తేలేదాకా వేయించమని. దాని వెనక లెక్క ఉంది. పేస్ట్‌లో నీళ్ళు ఉన్నంతసేపూ వేడి సుమారు 100 డిగ్రీలు దాటదు. నీళ్ళు ఆవిరైపోయాక వేడి పెరుగుద్ది, అప్పుడే వేగిన రుచి వస్తుంది, నూనె అంచుల్లో కనపడుద్ది. అంటే ఇక్కడ ఎమల్షన్‌ని మనమే కావాలని విడగొడుతున్నాం.

స్టెప్ 5. ఇప్పుడు మళ్ళీ కలపాలి. జీడిపప్పు పేస్ట్, ముప్పావు గ్లాసు వేడి నీళ్ళు పోసి ఆపకుండా తిప్పండి. తేలిన నూనె మళ్ళీ గ్రేవీలో కలిసిపోద్ది. సన్న మంట మీద 5 నిమిషాలు, అడుగంటకుండా.

స్టెప్ 6. పనీర్ ముక్కలు, పంచదార వేసి 3 నిమిషాలు చాలు. ఎక్కువ ఉడికితే ప్రోటీన్ బిగుసుకుని నీళ్ళు వదిలేసి రబ్బరైపోద్ది. కొన్న పనీర్ గట్టిగా ఉంటే ముందే ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్ళలో 15 నిమిషాలు నానబెట్టండి.

స్టెప్ 7. స్టవ్ ఆపండి. అవును, ముందు ఆపండి. ఒక గరిటె గ్రేవీ క్రీమ్‌లో కలిపి, ఆ క్రీమ్‌ని కూరలో పోయండి. ఒక్కసారిగా వేడి, పులుపు తగలకుండా ఇలా అలవాటు చేస్తున్నాం. గరం మసాలా, నలిపిన కసూరి మేథీ చల్లండి. అయిపోయింది.

ఫెయిల్ అయితే?

కొంచెం విరిగినట్టు కనిపిస్తే మంట ఆపి, ఇంకో స్పూన్ జీడిపప్పు పేస్ట్ కలిపి, పనీర్ పక్కకి తీసి గ్రేవీని మిక్సీలో ఒకసారి తిప్పండి. ముందే చెప్పినట్టు చల్లారాకే. పలుకులు నలిగి చాలావరకు నున్నగా అవుద్ది. పులుపు ఎక్కువైతే పంచదార పులుపుని కప్పుద్ది అంతే, తగ్గించదు. వంట సోడా నిజంగానే తగ్గిస్తుంది కానీ కాస్త ఎక్కువైనా సబ్బు రుచి వస్తుంది. కారం ఎక్కువైతే నీళ్ళు పోయకండి, క్రీమ్ పెంచండి. ఘాటు కొవ్వులో కరుగుద్ది, పాల ప్రోటీన్ కూడా దాన్ని పట్టుకుంటుంది.

చివరగా ఒక సేఫ్టీ మాట. పాల కూర బయట పెట్టి మర్చిపోకండి. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట 32 డిగ్రీలు దాటితే ఆ టైమ్ ఒక గంటే. రెంటచింతల ఎండలు మనకి కొత్త కాదు కదా, ఎండాకాలంలో ఒక గంటే లెక్క పెట్టుకోండి. పొద్దున్న చేసి సాయంత్రం దాకా గట్టు మీద ఉంచిన కూర వాసన బాగానే ఉన్నా తినొద్దు, ముఖ్యంగా పిల్లలకి పెట్టొద్దు. ఫ్రిజ్‌లోంచి తీశాక నూనె విడిపోయి ఉంటే భయం లేదు, కొంచెం వేడి నీళ్ళు పోసి సన్న మంట మీద తిప్పండి, కలిసిపోద్ది.

ఇదే గ్రేవీలో పనీర్ తీసేసి ఉడికించిన బఠాణీ, ఆలుగడ్డ, పుట్టగొడుగులు ఏవైనా వేయొచ్చు. బేస్ ఒకటే, ఇన్‌పుట్ మారుద్ది. ట్రై చేసి, ఏ స్టెప్‌లో ఆగారో కామెంట్‌లో నంబర్‌తో సహా రాయండి, అప్పుడే నాకు డీబగ్ చేయడం ఈజీ. రూమ్‌లో వండుకునే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ పేజీ పంపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!