గ్లామర్: వ్యాకరణం కనికట్టైన వైనం

సినిమా పత్రికల పుణ్యమా అని 'గ్లామర్' మనకు ఇంటి మాటే అయింది. అందం, ఆకర్షణ, తళుకుబెళుకులు అని దాని అర్థం చెప్పుకుంటాం. ఇది స్కాట్లాండులోని స్కాట్స్ భాషలో రూపొందిన మాట అనీ, దీనికి మూలం 'గ్రామర్' అనీ చెబితే వ్యాకరణం పరీక్షకు భయపడే విద్యార్థులు నమ్మరేమో!

'గ్రామర్' గ్రీకులో అక్షరమనే అర్థమున్న 'గ్రమ్మ' నుంచి వచ్చింది. మధ్యయుగాల ఐరోపాలో ఈ మాటకు లాటిన్ చదువు అనే విస్తృతార్థం ఉండేది. చదువురాని జనం దృష్టిలో పుస్తకం పట్టినవాడికి మంత్రాలూ తెలిసే ఉండాలి. ఫ్రెంచిలో మంత్రగ్రంథాన్ని సూచించే 'గ్రిమ్వార్' కూడా ఈ కుదురు మాటే. స్కాట్స్ వ్యవహర్తల నోట రెండు రేఫల్లో మొదటిది లకారమై 'గ్లామర్' అయింది. లాటిన్ 'పెరెగ్రీనుస్' నుంచి ఇంగ్లీషు 'పిల్‌గ్రిమ్' వచ్చిన తీరూ ఇదే. ఉచ్చారణ దోషమని ఎవరో దిద్ది ఉంటే ఈ మాటే మిగిలేది కాదు. మీ ఇంటి తెలుగును అపభ్రంశమని ఎవరైనా వెక్కిరించినప్పుడు ఈ సంగతి చెప్పవచ్చు.

స్కాట్స్‌లో దీని అర్థం అందం కాదు. 18వ శతాబ్ది తొలినాళ్ళ కవి ఆలన్ రామ్సే తన పదపట్టికలో దయ్యాలు, మంత్రగాళ్ళు, గారడీవాళ్ళు చూపరుల కళ్ళను మోసగించడం అనే అర్థంలో దీన్ని వివరించాడు. మన 'కనికట్టు' దీనికి అచ్చంగా సరిపోతుంది. కన్నును కట్టేయడమే రెండింటిలోనూ ఉన్న భావం. స్కాట్స్‌లో గ్లామర్‌ను ఒకరి మీద 'వేస్తారు', వల వేసినట్టు.

'జానీ ఫా' అనే జానపద గాథలో జిప్సీలు ఒక ప్రభువు ఇంటి ముందు పాడతారు. దొరసాని దిగివస్తుంది. ఆమె చక్కని ముఖం చూసి వాళ్ళు ఆమెపై గ్లామర్ వేస్తారు. ఆమె ఇల్లు విడిచి వాళ్ళ వెంట వెళ్ళిపోతుంది. ఇక్కడ అందం ఆమెది, గ్లామర్ వాళ్ళది. నేటి వాడుకకు ఇది పూర్తిగా తలకిందులు.

ఈ మాటను ఇంగ్లీషు పాఠకులకు బాగా పరిచయం చేసినవాడు వాల్టర్ స్కాట్. 1805లో వెలువడిన ఆయన కావ్యంలో ఈ శక్తి వల్ల చెరసాల గోడమీది సాలెగూడు రాజసౌధంలోని అల్లికతెరలా కనిపిస్తుంది. 19వ శతాబ్దిలో మంత్రం జారిపోయి, భ్రమగొలిపే ఆకర్షణ అనే అర్థం నిలిచింది. 1930ల నాటికి హాలీవుడ్ ప్రచారం దాన్ని తారల సొత్తు చేసింది. తెలుగుకు అందింది ఈ చివరి అర్థమే. 'ఆమెకు గ్లామర్ ఉంది' అని మనం అంటాం. పాత స్కాట్స్ వ్యవహర్త అయితే చూసేవాడి కళ్ళకు ఏమైందని అడిగేవాడు.