ఆటలో జీవుల సంత: తెరపై మార్పిడి, మాటపై నమ్మకం

పైకి చూస్తే అది పిల్లల ఆట. రోబ్లాక్స్ అనే అంతర్జాల వేదికపై నడిచే ‘అడాప్ట్ మీ’లోకి ప్రవేశించగానే ఒక చిన్న ఊరు కనిపిస్తుంది. ఊళ్ళోని నర్సరీ భవనం ముంగిట రకరకాల ప్రాంతాలకు చెందిన ఆటగాళ్ళు గుమిగూడి ఉంటారు. ఒకరు డ్రాగన్‌పై స్వారీ చేస్తూ తిరుగుతుంటారు. మరొకరు వెలుగులీనే యునికార్న్‌ను వెంటబెట్టుకొని నిలబడతారు. వారి తలలపై తేలే మాటల బుడగల్లో తరచూ కనిపించే ప్రశ్న ఒక్కటే: దీనికి బదులు ఏమిస్తారు?

నిజానికి ఇదొక సంత. ఇక్కడ చేతులు మారేవి బొమ్మ జీవులు. బేరమాడేవారిలో పిల్లలు పెద్ద సంఖ్యలో ఉంటారు. అయినప్పటికీ నెలల తరబడి పడిన శ్రమ, పుట్టినరోజుకు పెద్దలిచ్చిన డబ్బు ఒక్క మీట నొక్కుతో చేజారిపోయే అవకాశం ఇక్కడ ఉంది. అలా పోగొట్టుకున్న పిల్లవాడు ఏడుస్తుంటే, ఏం పోయిందో, ఎందుకు పోయిందో ఇంట్లో పెద్దలకు అంతుపట్టదు. అందుకే ఈ సంత ఎలా నడుస్తుందో, మోసానికి తావు ఎక్కడ ఏర్పడుతుందో తెలుసుకోవలసిన అవసరం ఏర్పడింది.

జీవులు ఎక్కడి నుంచి వస్తాయి?

రోబ్లాక్స్ ఒకే ఆట కాదు. ఇతరులు తయారు చేసిన లెక్కలేనన్ని ఆటలకు అది వేదిక. 2006లో ఇది ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. దానిపై 2017లో ‘అడాప్ట్ మీ’ మొదలైంది. 2019లో పెంపుడు జంతువులను ప్రవేశపెట్టిన తరువాత ఈ ఆట స్వరూపమే మారిపోయింది. 2021లో ఒక దశలో ఒకేసారి 19 లక్షల మందికి పైగా ఈ ఆటలో ఉన్నారు.

ఆటగాడు ఆటలోనే సంపాదించిన నాణేలతో నర్సరీలో గుడ్డును కొంటాడు. దానికి ఆకలి, దాహం, నిద్ర, స్నానం వంటి అవసరాలు తీరుస్తూ పోతే గుడ్డు పగిలి జీవి బయటికి వస్తుంది. ఏ జీవి వస్తుందో ముందుగా తెలియదు. పుట్టిన జీవి ఆరు దశలు దాటి పెద్దదవుతుంది. ఒకే రకానికి చెందిన, పూర్తిగా ఎదిగిన నాలుగు జీవులను కలిపితే వెలుగులీనే ‘నియాన్’ జీవి ఒకటి తయారవుతుంది. అలాంటి నాలుగు నియాన్‌లను మళ్ళీ పెంచి కలిపితే ‘మెగా నియాన్’ లభిస్తుంది. అంటే ఒక్క మెగా నియాన్ వెనుక 16 జీవులు, 20 పెంపకాలు ఉంటాయి. ఆ జీవిని పోగొట్టుకున్నవారికి అది కేవలం బొమ్మ కాకపోవడానికి కారణం ఇదే.

విలువను ఎవరు నిర్ణయిస్తారు?

సాధారణం మొదలుకొని ‘లెజెండరీ’ వరకు ప్రతి జీవికీ ఆట ఒక అరుదుతనపు ముద్ర వేస్తుంది. కానీ ఆ ముద్ర ధరను చెప్పదు. మామూలు గుడ్డులోంచి పుట్టే యునికార్న్ లెజెండరీయే. 2019 హాలోవీన్ వేడుకల సందర్భంగా 1,000 రోబక్స్‌కు అమ్మిన షాడో డ్రాగన్ కూడా లెజెండరీయే. రోబక్స్ అంటే అసలు డబ్బు చెల్లించి కొనుక్కునే రోబ్లాక్స్ నాణేలు. ఒకే ముద్ర ఉన్నా ఈ రెండింటి మార్పిడి విలువల మధ్య పోలికే లేదు. యునికార్న్‌లు గుడ్లలోంచి వస్తూనే ఉంటాయి. షాడో డ్రాగన్ అమ్మకం మాత్రం ఆ వేడుకతోనే ముగిసిపోయింది. సరఫరా ఆగి, కోరేవారు పెరిగితే వెల పెరుగుతుందన్న ఆర్థిక సూత్రాన్ని పిల్లలు పాఠ్యపుస్తకం కంటే ముందే ఇక్కడ నేర్చుకుంటున్నారు.

అయితే ఈ సంతలో ప్రకటిత ధరల పట్టిక లేదు. ఆటగాళ్ళే సొంతంగా పట్టికలు తయారు చేసుకుంటారు. ఒక పట్టికకూ మరొక పట్టికకూ పొంతన ఉండదు. పైగా ఇది వస్తుమార్పిడి. జిరాఫీ ఉన్నవారికి గుడ్లగూబ కావాలి. గుడ్లగూబ ఉన్నవారికి మాత్రం జిరాఫీ అక్కరలేదు. డబ్బు పుట్టకముందు మానవ సమాజాలు ఎదుర్కొన్న చిక్కే ఇది. దీనికి ఆటగాళ్ళు కనుగొన్న పరిష్కారం కూడా పాతదే. అందరూ కోరుకునే ఒక జీవిని కొలమానంగా పెట్టుకొని, తక్కిన జీవులు దానికి ఎన్ని వంతులో లెక్క కడతారు.

మార్పిడి, వేలం ఎలా జరుగుతాయి?

ఒక ఆటగాడు మరొకరికి మార్పిడి కోరుతూ అభ్యర్థన పంపుతాడు. అవతలివారు అంగీకరిస్తే ఇద్దరికీ కనిపించే ఒక పెట్టె తెరుచుకుంటుంది. ఒకవైపు ఒకరివి, మరోవైపు రెండోవారివి జీవులు చేరుస్తారు. ఇద్దరూ సమ్మతి తెలిపాక, తుది నిర్ధారణ కోసం పెట్టె మరొకసారి అడుగుతుంది. రెండోసారి కూడా ఇద్దరూ ఒప్పుకుంటేనే జీవులు చేతులు మారతాయి. చివరి క్షణంలో జీవిని మార్చి మోసగించే వీలు తగ్గించడానికే ఈ రెండంచెల ఏర్పాటు.

వేలానికి మాత్రం ఆటలో ప్రత్యేక యంత్రాంగం లేదు. అరుదైన జీవి ఉన్నవారు కూడలిలో నిలబడి దానిని ప్రదర్శిస్తారు. చుట్టూ చేరినవారు ఒక్కొక్కరుగా తాము ఇవ్వజూపేవి చెబుతారు. నచ్చిన పాటను యజమాని ఎంచుకుంటాడు. పాటకు గడువు లేదు. పాడినవారు మాటకు కట్టుబడాలన్న నిబంధన లేదు. అందరి ముందు ఒకరి పాటను ఒప్పుకున్న యజమాని, పెట్టె తెరిచే వేళకు మనసు మార్చుకున్నా అడిగే నాథుడు లేడు.

ఇతర ఆటలు ఈ సమస్యను వేరే విధంగా పరిష్కరించాయి. ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో 2012 నుంచి పెంపుడు జీవులను పంజరంలో పెట్టి వేలం గృహంలో అమ్మే వీలుంది. అక్కడ జీవిని ముందుగానే వేలం గృహానికి అప్పగించాలి. కొన్నవారి బంగారు నాణేలు అమ్మినవారికి, జీవి కొన్నవారికి ఆటలోని తపాలా ద్వారా చేరతాయి. అమ్మకపు సొమ్ములో 5 శాతాన్ని వేలం గృహం మినహాయించుకుంటుంది. పోకెమాన్ ఆటల్లో 2006లో వచ్చిన ‘గ్లోబల్ ట్రేడ్ స్టేషన్’ డబ్బు ప్రసక్తి లేకుండానే ఈ పని చేసింది. తన జీవిని అక్కడ ఉంచి, బదులుగా ఏది కావాలో చెబితే చాలు. అది ఇవ్వగలవారు వచ్చినప్పుడు మార్పిడి దానంతటదే జరిగిపోతుంది. ఈ రెండు చోట్లా సరుకును మధ్యవర్తిగా పట్టి ఉంచేది యంత్రమే. అందువల్ల ఎదుటివారి మాటను నమ్మవలసిన అగత్యం ఉండదు.

నమ్మకం ఎక్కడ తెగుతుంది?

తెలుగు నేలపై పశువుల సంతల్లోనూ బేరం మాట మీదే నడిచేది. తువ్వాలు చాటున వేళ్ళు పట్టుకొని ధర చెప్పుకొనేవారు. కానీ అక్కడ కొనేవారు ఎద్దు పళ్ళు చూసి వయసు కట్టేవారు, నడిపించి చూసేవారు. అన్నిటికీ మించి దళారి ఎవరో చుట్టుపక్కల ఊళ్ళకు తెలుసు. మోసం చేస్తే వచ్చే వారం అదే సంతలో తల ఎత్తుకోలేడు. ఆటలోని కూడలిలో ఈ ఆసరా లేదు. మోసగించినవారు మరుక్షణమే మరో పేరుతో మరో చోట ప్రత్యక్షం కావచ్చు.

మోసాల్లో తరచూ కనిపించేది ‘నమ్మకపు మార్పిడి’. “నీ జీవిని నాకివ్వు, నిన్ను నమ్మవచ్చో లేదో చూసి రెండింతలు తిరిగి ఇస్తాను” అని ఒకరు అంటారు. లేదా ఇవ్వవలసినవి ఎక్కువగా ఉన్నాయని, సగం ఇప్పుడు, సగం తరువాతి మార్పిడిలో ఇస్తామని చెబుతారు. మొదటి సగం అందగానే మాయమవుతారు. జీవిని నియాన్‌గా మార్చి ఇస్తామని తీసుకొనేవారు కొందరు. ఆట బయట డబ్బు చెల్లిస్తామని, లేదా ఉచితంగా రోబక్స్ ఇస్తామని ఆశ చూపి సంకేతపదం అడిగేవారు మరికొందరు.

వీటన్నిటిలోనూ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. మార్పిడి పెట్టె తనలో ఉన్నవాటినే చూస్తుంది. పెట్టె వెలుపల ఇచ్చిన మాట దానికి కనిపించదు, వినిపించదు. పెట్టెలో లేనిది బేరంలో లేనట్టే. మోసగాళ్ళ నేర్పంతా బేరంలో కొంత భాగాన్ని ఆ పెట్టె బయటికి లాగడంలోనే ఉంది.

ఆట నిర్వాహకులు కొన్ని జాగ్రత్తలు తీసుకున్నారు. అత్యంత అరుదైన జీవులను మార్చుకోవాలంటే ‘ట్రేడ్ లైసెన్స్’ ఉండాలన్న నిబంధనను 2020లో తెచ్చారు. మోసాలను గుర్తించగలరో లేదో పరీక్షించే ప్రశ్నలకు సరైన జవాబులిస్తేనే ఆ లైసెన్స్ వస్తుంది. జరిగిన మార్పిడుల చరిత్రను చూసుకొని, అక్కడి నుంచే ఫిర్యాదు చేసే వీలు కూడా కల్పించారు. ఫిర్యాదు వల్ల మోసగాడి ఖాతాపై చర్య ఉండవచ్చు. పోయిన జీవి తిరిగి వస్తుందన్న భరోసా మాత్రం పెట్టుకోరాదు.

డబ్బు ప్రవేశిస్తే ఏమవుతుంది?

ఆటలోని జీవులను ఆట బయట నగదుకు అమ్మడాన్ని రోబ్లాక్స్ నియమాలు అనుమతించవు. ఆ అడ్డుగోడ లేనప్పుడు ఏం జరుగుతుందో ‘యాక్సీ ఇన్ఫినిటీ’ చూపింది. వియత్నాంకు చెందిన స్కై మావిస్ సంస్థ రూపొందించిన ఈ ఆటలో యాక్సీ అనే జీవులను క్రిప్టో నాణేలతో కొనాలి, అమ్మవచ్చు. కరోనా కాలంలో, 2021లో, ఫిలిప్పీన్స్‌లో ఎందరో దీనినే జీవనాధారంగా చేసుకున్నారు. జీవులను కొనే స్తోమత లేనివారు ఇతరుల జీవులను తీసుకొని ఆడి, సంపాదనలో వాటా ఇచ్చేవారు. పాలెర పద్ధతిని తలపించే ఏర్పాటు ఇది.

అయితే కొత్తవారు చేరుతున్నంత కాలమే విలువ నిలిచింది. ఆటలో ప్రతిఫలంగా లభించే నాణెం 2022 మధ్యనాటికి ఒక అమెరికన్ సెంటు కంటే దిగువకు పడిపోయింది. అదే ఏడాది మార్చిలో ఆ ఆటకు అనుబంధమైన రోనిన్ వ్యవస్థలోకి హ్యాకర్లు చొరబడి 60 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టో సొత్తును కాజేశారు. ఇది ఉత్తర కొరియాతో సంబంధం ఉన్న లాజరస్ బృందం పని అని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఏప్రిల్‌లో ప్రకటించింది.

మన దేశంలో ఆన్‌లైన్ ఆటలపై 2025 ఆగస్టులో ప్రత్యేక చట్టం వచ్చింది. అది డబ్బు పణంగా పెట్టి ఆడే ఆటలను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను, వినోదం కోసం ఆడే సామాజిక ఆటలను వేరుగా చూస్తోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వారందరినీ బాలలుగానే పరిగణిస్తూ, వారి వివరాల వినియోగానికి తల్లిదండ్రుల సమ్మతిని తప్పనిసరి చేసింది. అసలు డబ్బు పోయిన సందర్భాల్లో ఆలస్యం చేయకుండా జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేయవచ్చు.

ఇంట్లో చేయవలసినది

చట్టాలకు అందని నష్టమే ఈ సంతలో ఎక్కువ. ఒక పిల్లవాడి జీవి పోయిందని ఏ ఠాణాలోనూ కేసు నమోదు కాకపోవచ్చు. కాబట్టి మొదటి రక్షణ ఇంట్లోనే ఏర్పడాలి. పిల్లలకు చెప్పవలసిన సూత్రాలు మూడే. బేరమంతా ఒకే పెట్టెలో, ఒకేసారి జరగాలి. తొందరపెట్టేవారితో బేరం వద్దు. సంకేతపదం ఎవరికీ చెప్పరాదు. రోబ్లాక్స్ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవడం, కొనుగోళ్ళపై నెలవారీ పరిమితి విధించడం పెద్దల పని.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. జీవి పోయిందని పిల్లలు చెప్పినప్పుడు, “బొమ్మ పోతే ఏడుపెందుకు” అని తీసిపారేస్తే వారు ఇక చెప్పరు. చెప్పకుండా, పోయినదాన్ని రహస్యంగా రాబట్టుకోవడానికి ప్రయత్నిస్తారు. పోయిన జీవిని తిరిగి ఇప్పిస్తామంటూ ఆశ చూపేవారికి చిక్కేది అప్పుడే. మొదటిసారి పోయింది 16 జీవుల శ్రమ అయితే, రెండోసారి పోయేది ఇంటి బ్యాంకు కార్డు వివరాలు కావచ్చు.

మాట ఇచ్చినవారు ఎవరో తెలియనప్పుడు ఆ మాటకు విలువ ఎంత అన్న పాఠాన్ని నేటి పిల్లలు ఈ కూడలిలో నేర్చుకుంటున్నారు. ఆ పాఠానికి వారు ఎంత మూల్యం చెల్లిస్తారన్నది, ఇంటికి వచ్చి జరిగింది చెప్పుకోగలిగే చనువు వారికి ఉందా లేదా అన్నదానిపై చాలావరకు ఆధారపడి ఉంటుంది.