పాత విమానమునకు క్రొత్త ఆసనములు

శ్రీకాకుళము రోడ్డు అను పేరుగల మన ఆమదాలవలస స్టేషనులో రైలు ఎక్కువాడు మొదట వెదకునది కూర్చుండుటకు చోటు. సీటు చినిగియున్నదా, మెత్తగానున్నదా అని చూచునే గాని, దాని క్రింద చట్ట మెట్లున్నదో, దానిని నేలకు బిగించిన మర లెన్నియో అతడు విచారింపడు. రైలుబండిలో అట్లు విచారింపకున్నను అంతగా చెరుపు లేదు. విమానములో మాత్ర మట్లు కాదు. అందలి ఆసనము ఒక యంత్రభాగము. దానిపై కప్పిన గుడ్డయు, లోని దిండును, క్రింది పట్టాయు మనుష్యుని ప్రాణమునకు బాధ్యత వహించును. పాతబడిన ఒక సొంత విమానము లోపలి గదిని బాగుచేసి క్రొత్త ఆసనము లమర్చు విధానమును గూర్చి ఈ వ్యాసమున వివరింతుము.

అంత పాత విమానమును బాగుచేయ నేల, క్రొత్తదానిని కొనరాదా యని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. విమానము మనుష్యునివలె ఒక్కుమ్మడిగా ముసలిది కాదు. సెస్నా 172 అను నలుగురు కూర్చుండు చిన్న విమానము 1956లో అమ్మకమునకు వచ్చినది. అట్టివి నలువది వేలకు మించి నిర్మింపబడినవి. ఏబది, అరువది యేండ్లు గడచినను అనేకము ఎగురుచునే యున్నవి. ఇంజనును నియమిత కాలమున విప్పి బాగుచేయుదురు. అల్యూమినియపు రెక్కలను, మొండెమును ఏటేట పరీక్షింతురు. లోపలి గుడ్డయు, దిండును, తివాచీయు మాత్రము అద్దములగుండ వచ్చు ఎండకు, చెమటకు, చెమ్మకు ముందుగా శిథిలమగును. గుండె గట్టిది, బట్టలు మాత్రము చినిగినవి అనదగిన స్థితి యది.

ఇట్టి పని మన తెలుగువారికి బొత్తిగా తెలియనిది కాదు. డగ్లసు కంపెనీవారి డి.సి.3 అను ప్రయాణికుల విమానము 1935 డిసెంబరు 17వ తేదీన మొదట ఎగిరినది. రెండవ ప్రపంచ యుద్ధమున దానినే డకోటా యను పేర సైనికులను, సరకులను మోయుటకు మార్చిరి. మెత్తని ఆసనములు పోయి, గోడల వెంబడి లోహపు బల్లలు వచ్చెను. సైనికు లెదురెదురుగా కూర్చుండి ప్రయాణము చేసిరి. 1945లో యుద్ధము ముగియగా అక్కర తీరిన డకోటా లనేకము అమ్మకమునకు వచ్చినవి. బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారమున అట్టివానిని మరల ప్రయాణికులకు తగినట్లు మార్చిరి. ఆ 1945లోనే హైదరాబాదున స్థాపితమైన డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ బేగంపేటనుండి డకోటాలను నడిపి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్సులో లీనమయ్యెను. సైనికుని బల్ల తీసి బాటసారికి ఆసనము వేయుట చిన్న మార్పుగా తోచును. కాని అందుకొఱకు నేల గట్టితనమును, బరువును, గోడల లోపలి పొరను మరల విచారింపవలసియుండును.

విశాఖపట్నము సముద్రతీరమున 2017 డిసెంబరులో ప్రదర్శనశాలగా తెరచిన టి.యు.142 అను నౌకాదళపు పెద్ద విమానమును మన విద్యార్థులలో కొందరు చూచియుందురు. అది విశ్రాంతి పొందిన విమానము. ప్రదర్శనకు నిలిపినదానికి లోపల చూడ నింపుగా నున్న చాలును. మరల ఎగురవలసినదానికి అది చాలదు. ఈ భేదమే ఈ పనికంతకు మూలసూత్రము.

మొదటి పని విప్పుట. ఏ భాగ మెక్కడ నున్నదో ముందుగా ఛాయాచిత్రములు తీసి, తీసిన మరలను విడివిడి సంచులలో నుంచి, పేరు వ్రాసి కట్టవలెను. ఆసనములు, తివాచీలు, గోడపలకలు తీసిన పిమ్మట అసలు విమానము బయటపడును. అల్యూమినియమునకు ఇనుమువలె ఎఱ్ఱని తుప్పు పట్టదు. తెల్లని పిండివలె పైకి వచ్చి, లోపల లోహమును తినివేయును. ఉప్పుగాలి వీచు మనవంటి కోస్తా ప్రాంతములలో ఇది మఱింత త్వరగా కలుగును. గోడలలో శబ్దము, వేడిమి తగ్గించుటకు కూరిన పొర తడిసిన యెడల చెమ్మను ఏండ్లతరబడి లోహమునకు అంటిపెట్టి యుంచును. నిలిపియుంచిన విమానములో ఎలుకలు గూడు కట్టుటయు కలదు. వాని మూత్రము అల్యూమినియమును కొఱికివేయును. నేలపలకల క్రింద తోకను, రెక్కలను కదల్చు ఉక్కు తీగలు కప్పీలమీదుగా పోవుచుండును. అందు జారిపడిన ఒక్క మర ఆ తీగకు అడ్డుపడినచో విమానము చోదకుని మాట వినదు. కావున విప్పునప్పు డెన్ని మరలు తీసితిమో, బిగించునప్పు డన్నియు లెక్కకు రావలెను. క్రొత్త గుడ్డకై విప్పినవారు ఈ పాత రోగములను కనిపెట్టుటయే ఈ పనివలన కలుగు మొదటి లాభము.

రెండవది ఆసనపు చట్టమును, దాని పట్టాలును. చిన్న విమానములలో చోదకుని ఆసనము రైలు పట్టాలవంటి రెండు లోహపు పట్టాలమీద ముందునకు వెనుకకు జరుగును. పట్టాలోని రంధ్రములలో మేకు దిగి ఆసనమును కదలకుండ పట్టియుంచును. ఏండ్లు గడచినకొలది మేకు అరగును, రంధ్రము సాగి కోడిగ్రుడ్డు ఆకారము పొందును. విమానము నేల విడచి ముక్కు పైకెత్తు సమయమున మేకు ఊడినయెడల ఆసనము వెనుకకు జారిపోవును. చోదకుని కాళ్లకు పెడలు లందవు. చేతిలోని చుక్కానిని ఆధారముగా పట్టుకొన్నచో అదియు వెనుకకు వచ్చి, ముక్కు మఱింత పైకి లేచును. గాలిలో నిలువలేక విమానము కూలును. ఇట్టి ప్రమాదములు జరిగినందున అమెరికా విమానయానాధికారులు 1987లో సెస్నా విమానముల ఆసన పట్టాలను, మేకులను నియతకాలమున కొలిచి పరీక్షింపవలెనని ఆదేశించిరి. పగుళ్లున్న పట్టాపై పట్టువస్త్రము కప్పిన ఆసనము నిలిపిన నేమి ఫలము?

మూడవది దిండు. మన ఇండ్లలో పరుపులలో కూరునట్లు బూరుగుదూదిని ఇందు కూర్చరాదు. ఎంత మెత్తనైన అంత సుఖమని తలచుటయు పొరపాటే. విమానము బలముగా నేలను తాకినప్పుడు మిక్కిలి మెత్తని దిండు ఒక్కసారిగా అణగిపోయి, మనుష్యుడు క్రింది చట్టమును గట్టిగా తాకును. వెన్నెముకకు దెబ్బ తగులును. తగినంత బిఱుసుగల నురుగుదిండు నెమ్మదిగా అణగుచు ఆ తాకుడును మ్రింగును. దిండు ఎత్తు పెరిగిన చోదకుని తల కప్పునకు తగులును. తగ్గిన అతని చూపు ముందుభాగము దాటి నేలను చేరదు. నడుముపట్టీలను గూర్చి ఒక మాట. వెలిసినవని వానిని ఇంట రంగు వేయుటయు, చినిగినచోట సామాన్యమైన దారముతో కుట్టుటయు తగదు. వానిని బాగుచేయుటకు అనుమతి గల కర్మశాలలకు పంపవలెను, లేదా క్రొత్తవి వేయవలెను.

నాలుగవది గుడ్డ. మనకు కూతవేటు దూరమున నున్న పొందూరులో వాలుగచేప దవడతో దూదిని దువ్వి, సన్నని నూలు వడకి నేయు ఖద్దరు దేశమంతట ప్రసిద్ధి నొందినది. అంత చక్కని వస్త్రమును మన జిల్లా విమానపు ఆసనమునకు ఏల వేయరాదని అభిమానముతో అడుగవచ్చును. దూదిది త్వరగా అంటుకొను స్వభావము; మందులతో సంస్కరింపని నూలుగుడ్డ ఆసనమునకు పనికిరాదు. ఉన్ని అట్లు కాదు. అది కష్టముమీద అంటుకొనును, నిప్పు తీసినంతనే తరచు ఆరిపోవును, కరగి బొట్లుబొట్లుగా కారదు. పెద్ద విమానముల ఆసనములపై కప్పు గుడ్డలలో ఉన్ని కలుపుటకు ఇది యొక ముఖ్యకారణము. తోలు మంటకు బాగుగా ఓర్చుకొనును గాని బరువెక్కువ.

గుడ్డను నమ్మకముమీద గాక పరీక్షమీద ఎన్నుకొందురు. పెద్ద ప్రయాణికుల విమానములకు అమెరికా నిబంధన ప్రకారము ఆసనపు గుడ్డ ముక్కను నిలువుగా వ్రేలాడగట్టి, అడుగున 12 సెకండ్లు మంట పెట్టుదురు. మంట తీసిన పిమ్మట అది 15 సెకండ్లలోపల ఆరవలెను. కాలిన పొడవు 8 అంగుళములు దాటరాదు. రాలిన బొట్లు 5 సెకండ్లకు మించి మండరాదు. పాత చిన్న విమానములకు నియమములు తరగతిని బట్టి ఇంతకంటె సులభముగా నుండును. కాని వివేకము గల యజమాని కఠినమైన పరీక్షకు నిలిచిన గుడ్డనే కోరును. గుడ్డ ఒక్కటి నెగ్గిన చాలదు. దానికి అంటించు జిగురు, క్రింది నురుగు కూడ కలిపి చూడవలెను. నురుగుదిండు మండినప్పుడు వెలువడు పొగ విషము.

ఇంత కాఠిన్యము ఎందులకో ఒక ఉదంతము చెప్పును. 1983 జూన్ 2వ తేదీన ఎయిర్ కెనడా వారి విమానము ఆకాశమున నుండగా వెనుకభాగమున నిప్పు పుట్టెను. చోదకులు దానిని సిన్సినాటిలో నేలకు క్షేమముగా దింపిరి. కాని తలుపులు తెరచిన రెండు నిమిషములలోపుననే లోపలి భాగమంతయు మంటలతో నిండెను. అందున్న 46 మందిలో 23 మంది మరణించిరి. నేలమీద నిలిచిన విమానములో, తలుపు తెరచియుండగా, పొగచేతను మంటచేతను ఇందరు పోయిరి. తరువాతి యేటనే పెద్ద విమానముల ఆసనపు దిండ్లకు మంటను అడ్డగించు పొర యుండవలెనని అమెరికాలో నియమము చేసిరి. ఆ పొర నిప్పును ఆపునది కొద్ది క్షణములే. ఆ క్షణములలోనే మనుష్యులు ద్వారము చేరుదురు.

అయిదవది బరువు. విద్యార్థులకు ఇచట ఒక చిన్న లెక్క. నాలుగు ఆసనములకు తోలు వేయగా ఒక్కొక్కటి 2 కిలోల చొప్పున పెరిగిన దనుకొనుడు. తివాచీ, గోడపొర కలిసి మఱి 7 కిలోలు. మొత్తము 15 కిలోలు. విమానము నిండు బరువుతో బయలుదేరవలసిన యెడల ఆ మేరకు పెట్రోలు తగ్గింపవలెను. లీటరు విమాన పెట్రోలు సుమారు 0.72 కిలో, కావున తగ్గునది సుమారు 21 లీటర్లు. గంటకు 32 లీటర్లు త్రాగు చిన్న విమానమునకు అది సుమారు 39 నిమిషముల ప్రయాణము. మేఘములు కమ్మి మఱియొక విమానాశ్రయమునకు పోవలసివచ్చిన దినమున, ఆ 39 నిమిషముల విలువ ఏ తోలు అందము తీర్చగలదు?

బరువెంత యనుటయే గాక ఎచట ననుటయు ముఖ్యము. ఎద్దుబండిలో బస్తాలన్నియు వెనుకకు వేసినచో నొగలు పైకి లేచి కాడి ఎద్దుల మెడను వదలునని మన రైతుబిడ్డలకు తెలియును. విమానమును అంతే, వెనుక బరువు హెచ్చిన ముక్కు లేచి, చోదకుని అదుపు తప్పును. అందువలన పని ముగిసిన పిమ్మట విమానమును మరల తూచియో, మార్పులను లెక్కగట్టియో, క్రొత్త బరువును, గురుత్వకేంద్రమును పుస్తకమున వ్రాయుదురు.

చిన్నవిగా తోచు విషయములు మఱి కొన్ని కలవు. కిటికీలు గాజువి కావు, ఆక్రిలిక్కువి. పెట్రోలుతోగాని స్పిరిటుతోగాని తుడిచిన సన్నని పగుళ్లు పడును. సబ్బునీటితో మెత్తగా కడుగవలెను. దిక్సూచి దగ్గర ఇనుపమరలు బిగించిన అది తప్పు దిక్కు చూపును. వేగపు హద్దులను, పెట్రోలు మీటను తెలుపు చిన్న పలకలు పాతగోడతోపాటు తీసివేసిన యెడల తిరిగి వేయక తప్పదు. అవి అలంకారములు కావు, ఆజ్ఞలు.

ఇక నీ పని ఎవరు చేయవచ్చును? మన దేశమున పౌరవిమానయాన డైరెక్టరేటు జనరల్ వారి నియమములకు లోబడి, లైసెన్సు గల ఇంజనీరు పరీక్షించి సంతకము చేసిన పిమ్మటనే విమానము ఎగురవలెను. అమెరికాలో చోదకుడైన యజమానియే తన సొంత విమానపు గుడ్డను, అలంకారమును బాగుచేసికొనుటకు కొంత అనుమతి కలదు. అయినను విమానపు మూలనిర్మాణమును విప్పవలసిన పని అతని హద్దులో లేదు. కుట్టువాని చేయి, వడ్రంగి కన్ను, ఇంజనీరు బుద్ధి, లెక్కలవాని కలము నాలుగును కలిసిననే ఈ పని నెరవేరును.

పని ముగిసిన పిమ్మట ఆ విమానములో కూర్చున్నవాడు చక్కని రంగును, మెత్తని ఆసనమును చూచి మెచ్చుకొనును. తుడిచిన తుప్పును, మార్చిన మేకును, నిప్పుకు నిలిచిన పొరను, లెక్కకు వచ్చిన చివరి మరను అతడు చూడజాలడు. చూడకపోయినను అతనిని క్షేమముగా దింపునవి అవియే. మన విద్యార్థులలో ఎవ్వరైనను రేపు కుట్టుపనివారైనను, ఇంజనీర్లైనను, వాహనమేదైనను బాగుచేయ పూనినప్పుడు గుడ్డ కప్పుటకు ముందు దాని క్రింద నేమున్నదో ఒకసారి వంగి చూతురుగాక.