కంటిలోని నిర్మలమైన కిటికీ

మైపాడు తీరాన నిలిచి సూర్యోదయాన్ని తిలకించే మనం ఆ కాంతి కంటిలో ప్రవేశించే ద్వారాన్ని గూర్చి సాధారణంగా ఆలోచించము. కనుపాపకు ముందున్న పారదర్శకమైన పొరను శుక్లపటలం లేక కార్నియా అంటారు. శరీరంలో దాదాపు ప్రతి భాగంలోను రక్తనాళాలున్నవి. ఈ పొరలో మాత్రం ఒక్కటైనా లేదు. ఉన్నట్లయితే చూపు మసకబారుతుంది. రక్తనాళాలు గల తెల్లగుడ్డు ప్రక్కనే ఉండగా ఈ పొర నిర్మలంగా ఎట్లా నిలుస్తున్నది?

రక్తనాళాల పెరుగుదలను ప్రేరేపించే మాంసకృత్తు ఒకటున్నది. దానికి వి.ఇ.జి.ఎఫ్. అని పేరు. పడవ రేవుకు చేరినట్లు అది కణం ఉపరితలం మీది గ్రాహకానికి అంటుకుంటుంది. అప్పుడే కణానికి 'పెరుగుము' అనే ఆజ్ఞ అందుతుంది. అయితే కణానికి అంటక, ద్రవంలో విడిగా తిరిగే గ్రాహకాలు కూడ కలవు. వీటిని ద్రావణీయ గ్రాహకాలంటారు. ఇవి నడిసముద్రంలో తేలే రేవుల వంటివి. పడవ అక్కడనే కట్టుబడిపోతుంది. ఒడ్డుకు వార్త చేరదు.

శుక్లపటలపు నిర్మలత్వానికి ఇదే కారణమని అంబటి బాలమురళి, అంబటి జయకృష్ణ సోదరులు, వారి సహచరులు 2006లో 'నేచర్' పత్రికలో నిరూపించారు. ఎలుకల కంటిలో ఈ గ్రాహకాన్ని అణచివేయగా రక్తనాళాలు శుక్లపటలంలోనికి చొచ్చుకొని వచ్చినవి. అమెరికా జలాలలోని మనాటీ అనే జంతువుకు శుక్లపటలంలో రక్తనాళాలుంటాయి. దానికి ఈ గ్రాహకం లేదు. మన తీరానికి దక్షిణాన, తమిళనాడు, శ్రీలంకల నడుమ జీవించే దాని బంధువు డుగాంగ్‌కు గ్రాహకమున్నది. దాని శుక్లపటలం నిర్మలమే.

ప్రకృతి చేసిన ఈ పనినే మానవుడు ప్రయోగశాలలో చేశాడు. అమెరికాలోని రీజెనరాన్ సంస్థ శాస్త్రజ్ఞులు రెండు గ్రాహకాల నుండి ఒక్కొక్క భాగాన్ని గ్రహించి, ప్రతిరక్షకంలోని ఒక భాగంతో సంధించి కొత్త మాంసకృత్తును నిర్మించి 2002లో ప్రకటించారు. అదే అఫ్లిబర్సెప్ట్. అమెరికాలో 2011లో వృద్ధుల రెటీనా వ్యాధికి, 2014లో మధుమేహం వలన కలిగే రెటీనా వాపునకు, 2023లో నెలలు నిండక పుట్టిన శిశువుల రెటీనా వ్యాధికి దీనిని అనుమతించారు.

ఈ చివరి విషయం మనం ప్రత్యేకంగా గమనించదగినది. నెలలు నిండని శిశువు రెటీనాలో రక్తనాళాల నిర్మాణం పూర్తికాదు. తరువాత వి.ఇ.జి.ఎఫ్. మితిమీరితే అవి అస్తవ్యస్తంగా పెరిగి, రెటీనాను లాగివేసి, శాశ్వతాంధత్వం కలిగించగలవు. లేజరు గాని, ఇటువంటి మందు గాని సకాలంలో అందితే చూపు నిలుస్తుంది. కాని శిశువు ఇతర అవయవాల వృద్ధికి కూడ వి.ఇ.జి.ఎఫ్. అవసరమే. కంటిలో వేసిన మందు కొంత రక్తంలో కలుస్తుంది. కనుక చికిత్స అనంతరం దీర్ఘకాల పర్యవేక్షణ తప్పనిసరి. పెరుగుదలను అరికట్టడం కంటె, తగిన చోట, తగిన కాలంలో, తగిన మేరకు అరికట్టడమే కష్టం.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1990ల చివరి సంవత్సరాలలోనే ఇట్టి శిశువుల కంటి పరీక్షలు చేపట్టింది. 34 వారాలకు ముందు పుట్టిన, లేదా 2,000 గ్రాముల కంటె తక్కువ బరువున్న శిశువుకు 30 రోజులలోపల, మరీ ముందుగా పుట్టినవారికి ఇంకా ముందుగానే కంటి పరీక్ష జరగాలి. ఎంత గొప్ప ఔషధమైనా గడువు దాటితే నిష్ప్రయోజనం. విద్యార్థి మిత్రులారా! మీ వాడలో అట్టి శిశువు ఉన్నచో ఈ మాట ఆ తల్లి చెవిని వేయండి. మన చదువుకు అంతకంటె సార్థకత ఏమున్నది?