ఉన్నత పాఠశాల ఆటస్థలము: గరికయా, కృత్రిమ పచ్చికయా?

ఇటీవలి కాలమున పట్టణములలో ప్లాస్టిక్ పోగులతో చేసిన పచ్చని తివాచీలు పరచిన ఫుట్‌బాల్ మైదానములు వెలయుచున్నవి. రాత్రివేళ విద్యుద్దీపముల వెలుగులో అవి మిక్కిలి అందముగా కనిపించును. వానిని చూచి వచ్చిన యువకులు తమ గ్రామమందలి ఉన్నత పాఠశాలకు కూడ అట్టిదే కావలెనని కోరుట సహజము. గల్ఫ్ దేశములకో, అమెరికాకో వెళ్ళిన గ్రామస్థులు పుట్టినయూరికి ఏదైన మేలు చేయదలచినప్పుడు, ఈ కోరిక పంచాయతీ సమావేశమునకు రావచ్చును. తివాచీ పరచినవారు పనిముగించి వెళ్ళిపోవుదురు. దాని మంచిచెడ్డలు పదేండ్లపాటు అనుభవించవలసినవారు పిల్లలును, గ్రామమును. కావున చేయెత్తుటకు ముందే సభ్యులు విషయమును క్షుణ్ణముగా తెలిసికొనుట అవసరము.

ఈ వ్యాసమున మేము దిండి గ్రామమును, దాని పరిసరములను దృష్టాంతముగా గైకొనుచున్నాము. దిండి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో, మలికిపురం మండలమున, వశిష్ఠ గోదావరి యొడ్డున ఉన్నది. చుట్టును కొబ్బరితోటలు, సమీపమున రొయ్యల చెరువులు, ఒక ప్రక్క ఏరు, కొంత దూరమున సముద్రము. ఇట్టి నేలకు, ఇట్టి నీటికి, ఇట్టి ఎండకు ఏది తగునో నిర్ణయించినచో కోనసీమలోని తక్కిన గ్రామములకు కూడ దారి తెలియగలదు.

కృత్రిమ పచ్చిక యనగానేమి?

అమెరికాలోని హ్యూస్టన్ నగరమున 1965లో పైకప్పుగల పెద్ద క్రీడామందిరమును కట్టిరి. లోపల సూర్యరశ్మి చాలక పచ్చిక చచ్చిపోయెను. మరుసటి యేట అచట ప్లాస్టిక్ తివాచీని పరచిరి. కృత్రిమ పచ్చిక లోకప్రసిద్ధి పొందినది అప్పటినుండియే. అనగా ఎండ సోకని చోట గడ్డి పెరుగదు గనుక దానిని వాడిరి. కోనసీమలో ఎండకు కొదువ లేదు.

నేటి తివాచీలో పాలిథిలీన్ పోగులు సుమారు 40 నుండి 60 మిల్లీమీటర్ల ఎత్తున నిలిచియుండును. అవి వాలిపోకుండుటకు నడుమ ఇసుకను, దానిపై పాత టైర్లను నూరి చేసిన రబ్బరు పలుకులను నింపుదురు. తివాచీ క్రింద కంకరపొరయు, నీరు పోవు గొట్టములును ఉండవలెను. నిండు కొలతగల ఫుట్‌బాల్ మైదానము 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉండును. చుట్టును విడువవలసిన జాగాతో కలిపి రెండెకరములు కావలెను.

దీని గుణములను కూడ చెప్పుట న్యాయము. వాన వెలిసిన కొంతసేపటికే ఆడవచ్చును. చక్కగా పెంచిన సహజ పచ్చిక వారమునకు సుమారు 20 గంటల ఆటను మాత్రమే తట్టుకొనగా, ఇది రోజంతయు ఆడినను అంత త్వరగా అరుగదు. నగరములలో చిన్నజాగాలో వందలమంది వంతులవారీగా ఆడుచోట ఇది ఉపయోగకరమే. హాకీ సంగతి వేరు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్సులో తొలిసారి హాకీని కృత్రిమతలముపై ఆడించిరి. అంతకుముందు ఏడు స్వర్ణపతకములు గెలిచిన మన దేశము ఆ యేట ఏడవ స్థానమునకు దిగెను. నేడు ఆ ఆటలో పైకి రాదలచినవారు కృత్రిమతలముపై అభ్యసింపక తప్పదు. ఫుట్‌బాల్‌కు అట్టి నిర్బంధము లేదు.

ఎండయు, ఉత్తపాదములును

ప్లాస్టిక్ పోగులు ఎండను త్రాగి కాగిపోవును. పచ్చిగడ్డి అట్లు కాదు. అది తన ఆకులనుండి నీటిని ఆవిరిగా విడుచుచు తానును చల్లబడును, నేలను చల్లబరచును. అమెరికాలోని బ్రిగం యంగ్ విశ్వవిద్యాలయమువారు 2002లో రెండు తలములను కొలిచిచూచిరి. కృత్రిమతలముపై వేడి గరిష్ఠముగా 69 డిగ్రీల సెల్సియస్ వరకు పోగా, సహజ పచ్చికపై 31 డిగ్రీలను మించలేదు. నీరు చల్లినప్పుడు తివాచీ చల్లబడెను గాని, ఇరువది నిమిషములలో వేడి తిరిగి పైకెక్కెను.

మన పల్లెల పిల్లలలో అనేకులు చెప్పులు విడిచి ఉత్తపాదములతో ఆడుదురు. 1948లో లండన్ ఒలింపిక్సులో మన ఫుట్‌బాల్ జట్టువారిలో పెక్కుమంది బూట్లు లేకయే ఆడిరి. బూట్లు కొనలేని బాలునకు, బాలికకు కాగిన తివాచీ మూసిన తలుపువంటిది. బూట్లున్నవారు ఆడుదురు, లేనివారు గట్టుపై నిలిచి చూతురు. ప్రభుత్వ పాఠశాల ఆటస్థలమున ఇట్టి భేదము ఏర్పడకూడదు.

వరదయు, ఒండ్రుమట్టియు

గోదావరి పొంగినప్పుడు ఏమగునో కోనసీమవారికి చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు తుపానును పెద్దలు మరువలేదు. 2022 జూలైలో ధవళేశ్వరము వద్ద 25 లక్షల క్యూసెక్కులకు మించి నీరు పారి లంకగ్రామములను ముంచెను. ఏటిగట్టుకు లోపలనున్న ఊళ్ళలో సైతము పెద్దవానలకు మురుగు లాగక పల్లపు జాగాలలో నీరు నిలుచును.

నీరు తీసిన తరువాత నేలపై ఒండ్రుమట్టి మిగులును. గరికపై పలుచని మేటపడినచో దాని తీగలు మట్టిని చీల్చుకొని పైకి వచ్చును. ఆ మట్టియే దానికి ఎరువగును. తివాచీపై పడిన ఒండ్రు పోగులనడుమ, రబ్బరు పలుకులనడుమ ఇరుకుకొని గట్టిపడును. నీరు పోవు రంధ్రములు పూడిపోవును. యంత్రములతో నింపుడు సరుకును పైకి తీసి, కడిగి, మరల నింపవలెను. ఆ యంత్రములు గ్రామములో దొరకునవి కావు. మరియు వరదనీటితో కొట్టుకొనిపోయిన రబ్బరు పలుకులు మురుగుకాలువకును, కాలువనుండి ఏటికిని, చేపల కడుపులోనికిని చేరును. ఈ పలుకులు సూక్ష్మమైన ప్లాస్టిక్ కాలుష్యమునకు కారణమగుచున్నవని గుర్తించి, ఐరోపా సమాఖ్య 2023లో నిబంధన చేసినది. దాని ప్రకారము 2031 అక్టోబరు తరువాత అట్టి నింపుడు సరుకును అచట విక్రయింపరాదు.

ఖర్చును ఎట్లు లెక్కింపవలెను?

నిండు మైదానమునకు కృత్రిమ పచ్చిక ఖర్చు కోట్ల లెక్కలోనికి పోవును. తివాచీ సాధారణముగా ఎనిమిది నుండి పదేండ్లు మన్నును. ఉదాహరణమునకు, మార్చుటకు కోటి రూపాయలు కావలసిన తివాచీ పదేండ్లు మన్నుననుకొందము. ఆ మార్పిడికై పంచాయతీ ఏటా పదిలక్షలు వేరుగా దాచవలెను. దాత మొదటి తివాచీని ఇచ్చునుగాని, రెండవదానికి ఎవరు పూచీ? పాతదానిని ఎచట పారవేయుదురు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వ్రాతపూర్వకముగా లభింపనిదే తీర్మానము చేయరాదు. సహజ పచ్చికకు ఖర్చు లేదని మేము చెప్పుట లేదు. దానికి కావలసినది కొద్దికొద్దిగా ఏటేట పెట్టు ఖర్చు, మానక చేయు చాకిరి. ఒక్కసారి కోటి రూపాయలు పంచాయతీ శక్తికి మించినవి. ఏటేట ఒక మనిషి కూలి, కొంత ఎరువు, కొంత ఇసుక శక్తికి లోబడినవి.

ఇతరుల అనుభవము

2015లో కెనడాలో జరిగిన మహిళల ప్రపంచకప్పు పోటీలన్నియు కృత్రిమతలముపై నడచినవి. క్రీడాకారిణులనేకులు అంతకుముందే అభ్యంతరము తెలిపిరి. 2019లోను, 2023లోను ఆ పోటీలు మరల పచ్చికపైననే జరిగినవి. కలకత్తాలోని సాల్ట్‌లేక్ మైదానమున పరచిన కృత్రిమ తివాచీని తొలగించి, 2017లో పదునేడేండ్లలోపు బాలుర ప్రపంచకప్పు పోటీలకు ముందుగా సహజ పచ్చికను పెంచిరి.

మన తెలుగునాటి చరిత్రను కూడ స్మరింతము. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం పాఠశాల ఉపాధ్యాయుడుగా పనిచేసినవాడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానమును, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణమును పొందెను. ఆనాటికి కృత్రిమ పచ్చిక పుట్టనేలేదు. బంతి, సమతలమైన నేల, శ్రద్ధగల ఉపాధ్యాయుడు, ఈ మూడును ఆటకు మూలధనము.

గరిక మైదానమును పెంచు విధము

వినాయక చవితికి మనము కోసి తెచ్చు గరికయే ప్రపంచమందంతట బెర్ముడా గడ్డియను పేర ఆటస్థలములకు వాడబడుచున్నది. నేలలోపల కణుపులతోను, పైన తీగలతోను అల్లుకొనును. త్రొక్కుడును, ఎండను, కొంతవరకు ఉప్పదనమును ఓర్చుకొనును. ఓర్వలేనిది నీడయొక్కటే. కావున మైదానమునకు తూర్పు పడమరలందు కొబ్బరిచెట్లు మీదికి వంగియుండకుండ జాగ్రత్తపడవలెను.

అన్నిటికంటె ముందు మురుగు. నడుమ ఎత్తు, అంచులు పల్లము ఉండునట్లు నేలను తీర్చవలెను. నూరు మీటర్లకు ఒక మీటరు వాలు చాలును. 68 మీటర్ల వెడల్పుగల మైదానమున నడిమిభాగము అంచులకంటె 34 సెంటీమీటర్లు ఎత్తుండిన సరిపోవును. రెండు అంచులందును బోదెలు తీసి, వానిని గ్రామపు మురుగుకాలువలో కలుపవలెను. ఆ కాలువ పూడియున్నచో ముందు దానిని త్రవ్వింపవలెను. మలికిపురం మండలములోని కేశనపల్లి ప్రాంతమున ఉప్పునీరు లాగక నిలిచి కొబ్బరిచెట్లు తలలు వాల్చిన సంగతి 2025లో రాష్ట్రమంతటికి తెలిసినది. నిలిచిన ఉప్పునీరు కొబ్బరినే చంపగా గరికనెట్లు విడుచును? రొయ్యల చెరువుల నీటిని మైదానమునకు ఎన్నడును పెట్టరాదు.

నేల తీర్చిన పిమ్మట తుంగగడ్డలను, పల్లేరును వేళ్ళతో పెరికి, బాగుగా చివికిన పశువుల ఎరువును, ఇసుకను కలియదున్నవలెను. పచ్చిపేడ వేసినచో కలుపుగింజలు మొలచును. తొలకరి పడగానే గరికతీగలను ముక్కలుచేసి జానెడెడముగా నాటవలెను. రెండు మూడు నెలలలో నేల కప్పుకొనును. ఆ కాలమున త్రొక్కరాదు గనుక, ఒక యేడు సగము, మరుసటి యేడు సగము నాటుట మేలు. పిల్లల ఆట ఆగదు.

వానకాలమున వారమునకొకసారి రెండంగుళములకు మించకుండ కోయవలెను. గోలుస్తంభముల ముందు నేల త్వరగా అరుగును. కావున రోజువారీ అభ్యాసమునకు కదల్చదగిన స్తంభములను వాడి, చోటు మార్చుచుండవలెను. అరిగినచోట ఇసుక చల్లి, అంచులనుండి తెచ్చిన తీగలను నాటవలెను.

నీటిని గూర్చి ఒక లెక్క. రెండెకరములకు అయిదు మిల్లీమీటర్ల తడి ఇచ్చుటకు 40,000 లీటర్లు కావలెను. గన్నవరం అక్విడక్టు మీదుగా రాజోలు ప్రాంతమునకు వచ్చు కాలువ నీటిని ఏటా వేసవిలో కట్టివేయుదురు. ఆ దినములలో త్రాగునీటికే ఇబ్బంది యుండగా మైదానమునకు నీరు పెట్టుట తగదు. అయితే అదే కాలమున పాఠశాలకు సెలవులు. గరిక పైకి ఎండినట్లు కనిపించినను కణుపులు నేలలో జీవించియుండును. ఆ రెండు నెలలు దానిని త్రొక్కక విశ్రాంతి నిచ్చినచో తొలకరికి తిరిగి చిగుర్చును.

పంచాయతీ చేయవలసినది

గరికకు నిజమైన శత్రువు పాఠశాల ఆట కాదు. తడినేలపై నడపిన ట్రాక్టరు, పందిళ్ళకు త్రవ్విన గుంటలు, సభలకు వచ్చిన వాహనములు, విడిచిపెట్టిన పశువులు, ఆరబోసిన ధాన్యము దాని శత్రువులు. పండుగకును, పెండ్లికిని, సభకును వేరు స్థలమును చూపక, కేవలము కంచె వేసినచో ప్రయోజనముండదు. ఈ పని అధికారులకంటె గ్రామపెద్దలకే సులభము.

73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములందు సామాజిక ఆస్తుల నిర్వహణ కూడ ఒకటి. కావున ప్రధానోపాధ్యాయునితోను, పాఠశాల యాజమాన్య కమిటీతోను కలిసి సభ్యులు ఈ క్రింది విషయములను తీర్మానించుట మంచిది.

మొదటిది, మైదానపు కొలతలు, హద్దులు, మురుగు దారి చూపు పటమును తయారుచేయించుట. రెండవది, ఆటకు గాక మరి దేనికి వాడవచ్చునో, దేనికి వాడరాదో వ్రాసి గోడపై ప్రకటించుట. మూడవది, గడ్డికోత, ఇసుక, ఎరువులకును, ఒక పనివాని కూలికిని ఏటేట బడ్జెటులో మొత్తమును కేటాయించుట. నాలుగవది, బాలికలకు వారమున నిర్ణీతమైన ఆటవేళలను ఏర్పరచుట. మైదానము బాగుపడిన కొలది పెద్ద కుఱ్ఱవాండ్రు దానిని ఆక్రమించుకొనుట, బాలికలు వెనుకకు తగ్గుట జరుగుచుండును. నియమము లేనిదే అది సరిపడదు.

విరాళమిచ్చు దాతలను నిరుత్సాహపరచవలదు. తివాచీకి ఇచ్చెదమన్న సొమ్ములో స్వల్పభాగముతో మురుగుబోదెలు, కంచె, గడ్డికోత యంత్రము, రోలరు, బంతులు, పిల్లలకు బూట్లు సమకూరును. మిగిలినదానిని బ్యాంకులో నిలువయుంచి, వడ్డీతో పనివాని కూలి చెల్లింపవచ్చును. దాత పేరు శిలాఫలకముపై ఉండును. ఆయన సొమ్ము ఏటేట గరికతోపాటు చిగుర్చును.

రానున్న తొలకరికి ముందే సభ్యులొకనాడు సాయంకాలము పాఠశాల ఆటస్థలమునకు వెళ్ళి, చెప్పులు విడిచి ఈ చివరనుండి ఆ చివరకు నడిచిచూడవలెనని మా మనవి. ఎచట గ్రుచ్చుకొనుచున్నదో, ఎచట నీరు నిలుచునో, ఎచట గుంటయున్నదో పాదములకే తెలియును. పనిని అచటినుండి ప్రారంభింపవలెను.