అటక సందులు: ఏవి మూయాలి, ఏవి వదలాలి?

మన కనిగిరి ఎండల గురించి హాస్టల్ మిత్రులకు కొత్తగా చెప్పనక్కరలేదు. మనలో చాలామందివి రేకుల ఇళ్ళు, పెంకుటిళ్ళే. అందుకే పైకప్పు సందుల విషయంలో మేము చేసిన ఒక పొరపాటును, దాని వెనకున్న సైన్సును ఈ సంచికలో రాస్తున్నాము.

మాలో ఒకరి ఇంట్లో సిమెంటు రేకుల కింద థర్మాకోల్ సీలింగ్ వేయించారు. ఆ రెండింటి మధ్య ఖాళీయే ఆ ఇంటికి అటక. వేసవి సెలవుల్లో మేము నలుగురం వెళ్ళి, దుమ్మూ వడగాలీ రాకుండా గోడకూ రేకులకూ మధ్య ఉన్న సందులన్నిటిలో గోనెసంచులు కుక్కేశాము. ఘనకార్యం చేశామనుకున్నాము. రెండోరోజు మధ్యాహ్నం లోపల పడుకున్న నాయనమ్మ లేవబోయి కళ్ళు తిరిగి పడిపోయింది. వేపచెట్టు కిందికి చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి ఆసుపత్రికి తీసుకెళ్ళాము. సెలైన్ ఎక్కించాక తేరుకుంది. సంచుల వల్లే అలా అయిందని డాక్టరు అనలేదు. కాని ఆ గదిలో ముందురోజు కంటే ఉక్క పెరిగిన మాట మాకు తెలుసు.

ఎండకు రేకు కాలుతుంది, దాని కింది గాలి కాగుతుంది. వేడిగాలి తేలిక, అది పై సందుల్లోంచి బయటికి పోవాలి. మేము ఆ దారే మూశాము. మూయవలసిన సీలింగు సందులను మాత్రం వదిలేశాము. ఫ్యాను రాడ్డు చుట్టూ చెయ్యి పట్టేంత బెజ్జం ఉంది. ఫ్యాను తన పైనున్న గాలినే కదా కిందికి తోసేది! అటకలో కాగిన గాలి అంతా మంచం మీదికి దిగింది.

గోనెసంచులు పీకేసి, ఎలుకలు రాకుండా అక్కడ ఇనుప జాలీ బిగించాము. సీలింగు సందులు వెతకడానికి అగరుబత్తి చాలు. పొగ ఎక్కడ వంకర తిరిగితే అక్కడ సందు ఉన్నట్టే. థర్మాకోల్ ఇట్టే అంటుకుంటుంది, కాబట్టి నిప్పు దూరంగా ఉంచండి. గోడ అంచుల వెంట మందపాటి కాగితం మైదా జిగురుతో అంటించాము. ఘాటు వాసన వచ్చే జిగుర్లు థర్మాకోల్‌ను కరిగించేస్తాయి. ఫ్యాను బెజ్జానికి మెయిన్ ఆపి, పలుచని ఇనుప రేకు రెండు ముక్కలుగా కోసి బిగించాము. కరెంటు తీగల చుట్టూ గుడ్డలు, కాగితాలు కుక్కకండి.

అమెరికాలోని చలి ప్రాంతాల్లో శీతాకాలం కథ తిరగబడుతుంది. గదిలో వెచ్చబరచిన గాలి సీలింగు సందుల్లోంచి అటకలోకి పారిపోతుంది. అక్కడా మూసేది సీలింగు సందులనే, చూరు కింది గాలిదారులను కాదు. ఇంట్లో గాలి కారే సందులు మూసి, అటకలోనూ నేల కిందా వేడిని ఆపే పొర వేస్తే వేడికీ చల్లదనానికీ అయ్యే ఖర్చు సగటున 15 శాతం తగ్గుతుందని అక్కడి పర్యావరణ సంస్థ అంచనా.

సందులు మూసినంత మాత్రాన రేకుల ఇల్లు చల్లబడిపోదు. రేకుల వేడి సీలింగు గుండా కూడా దిగుతుంది. పైన తెల్లసున్నం కొడితే ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇందుకే. సున్నం కొట్టేటప్పుడు రేకుల మీద నేరుగా కాలు పెట్టకండి, విరుగుతాయి. ఆస్‌బెస్టాస్ రేకులను కోయడం, బెజ్జాలు వేయడం అసలే వద్దు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే కేన్సర్ తెస్తుంది.

ఇక వంటింటి పొగ పోయే కిటికీ. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ మూయకండి. మేము దానికి కూడా సంచి కుక్కబోతే నాయనమ్మే కర్ర పట్టుకుని అడ్డం వచ్చింది.